తవుడు తొట్టిలో పెంపకం



ఈ పూట నా ప్రసంగ విషయం వినగానే మీలో కొందరు ముఖం చిట్లించుకుంటారేమో. పురుగుల గురించి మాట్లాడబోతున్నాను. పిండిలో కనబడితే జల్లెడ పట్టి పారబోసే జాతికి దగ్గరి చుట్టమైన ఒక పురుగును డబ్బిచ్చి కొని తెచ్చి, తొట్టిలో పెట్టి, వేళకు మేత వేసి పెంచడం గురించి. చేపలకు, పిట్టలకు, కోళ్ళకు అది బలమైన మేత. ఇంగ్లీషులో దీన్ని మీల్‌వార్మ్ అంటారు. నేను పిండిపురుగు అంటాను. ఇరుగుపొరుగు కన్నడం వారికి చెప్పాలంటే హిట్టిన హుళు అనండి, అర్థమైపోతుంది.

నేను ఉన్నత పాఠశాలలో విజ్ఞానశాస్త్రం బోధిస్తాను. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు. చింతామణి, శిడ్లఘట్ట, బాగేపల్లి వైపు ఇళ్ళన్నీ దాదాపు ఇంతే. ఇటు శిడ్లఘట్ట పట్టుగూళ్ళ మార్కెట్టు, అటు మదనపల్లె, హిందూపురం. మా అత్తగారిది పట్టుపురుగులు మేపిన ఇల్లు. ఆవిడ నలభై ఏళ్ళు మేపారు. మోకాళ్ళు సహకరించక, ఆకు కోసేందుకు మనుషులు దొరకక ఏడేళ్ళ కిందట మానేశారు. పెరట్లో పురుగుల ఇల్లు అలాగే ఉంది. చంద్రికలు గోడకు ఆనించి దుమ్ము పట్టి ఉన్నాయి.

మా అబ్బాయి ఎనిమిదో తరగతి. గాజు తొట్టిలో ఒక ఆస్కార్ చేపను పెంచుకుంటున్నాడు. అది దక్షిణ అమెరికా నదుల చేప. జేబురుమాలంత ఉంటుంది, మనిషిని గుర్తుపట్టి గాజు దగ్గరికి వస్తుంది. రెండేళ్ళ కిందట బెంగళూరు వెళ్ళినప్పుడు వాడు చేపల అంగడిలో ఒక చిన్న డబ్బా కొనిపించాడు. అందులో తవుడు, తవుడులో పసుపు పచ్చని పురుగులు. ఇంటికి తెచ్చి మూత తీయగానే మా అత్తగారు చూశారు.

"ఏమ్మా, చదువుకున్నదానివి. బూసాలో పురుగు పడితే ఎండలో పోస్తారు గానీ, పురుగు కోసమని బూసా కొంటారా ఎవరన్నా?" అన్నారు.

ఆ మాటకు ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. పది రోజుల్లో డబ్బా ఖాళీ అయింది. మళ్ళీ కొనాలంటే బస్సు ఛార్జీ పురుగుల ధరను మించిపోతుంది. అప్పుడే, ఇంట్లోనే పెంచితే ఏమని ఆలోచన కలిగింది. పురుగులను పెంచడం తెలిసిన మనిషి ఇంట్లోనే ఉన్నారు కదా.

ముందుగా ఈ పురుగు సంగతి చెబుతాను. దీని శాస్త్రీయ నామం టెనెబ్రియో మాలిటర్. 1758లో లిన్నేయస్ పెట్టిన పేరు. ఇది నిజానికి వానపాము వంటి పురుగు కాదు, ఒక నల్లని పెంకుపురుగు తాలూకు పిల్లదశ. సీతాకోకచిలుకకు గొంగళిపురుగు ఎలాగో, ఈ పెంకుపురుగుకు పిండిపురుగు అలాగ. మన ఇళ్ళలో గోధుమ పిండిలో, రవ్వలో పడే చిన్న ఎర్రని పురుగు వేరు. అది మూడు నాలుగు మిల్లీమీటర్లకు మించదు. పిండిపురుగు ఎదిగితే రెండున్నర, మూడు సెంటీమీటర్ల పొడవుంటుంది.

దీని బతుకులో నాలుగు దశలు. గుడ్డు, పురుగు, ప్యూపా, పెంకుపురుగు. మన వాతావరణంలో గుడ్డు వారం పది రోజుల్లో పగులుతుంది. పిల్లపురుగు దారప్పోగు కన్న సన్నం, కంటికి ఆనదు. మూడు నాలుగు వారాలకు కాస్త కదలిక తెలుస్తుంది. పూర్తిగా ఎదగడానికి రెండున్నర, మూడు నెలలు పడుతుంది, చలికాలంలో ఇంకా ఎక్కువే. తరువాత ప్యూపా అవుతుంది. ఒకటి రెండు వారాలు తిండి లేకుండా తెల్లగా పడి ఉంటుంది. ఆ తరువాత పెంకుపురుగు బయటికి వస్తుంది. మొదట తెల్లగా, ఆపైన గోధుమరంగుగా, చివరికి నల్లగా మారుతుంది. రెండు మూడు నెలలు బతుకుతుంది. ఆ కాలంలో ఒక్కొక్క ఆడపురుగు కొన్ని వందల గుడ్లు పెడుతుంది. మొత్తం మీద ఒక తరం తిరగడానికి నాలుగు నెలలు. తొందరపడే వారికి ఇది పనికిరాదు.

ఇదంతా నేను మా అబ్బాయికి చెబుతూంటే మా అత్తగారు వక్కలు కత్తిరిస్తూ విన్నారు. చివర్లో ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. "దీనికీ జ్వరం వస్తుందా?"

పట్టుపురుగులు మేపినవారికి ఆ మాట తెలుసు. పురుగు మేత మాని, తల ఎత్తి నిలిచిపోయి, పాత చర్మం విడిచే సమయాన్ని మన రైతులు జ్వరం అంటారు. పట్టుపురుగుకు నాలుగు జ్వరాలు. "వస్తుంది అత్తమ్మా. దీనికి నాలుగు కాదు, తొమ్మిది మొదలుకొని ఇరవై దాకా వస్తాయి" అన్నాను. "అయ్యో, అన్ని జ్వరాలు పడి ఎదగాలా, పాపం!" అన్నారు. ఆ సాయంత్రమే పెరటి ఇంటి తాళం తీసి ఊడిపించారు.

ఇక పెంచే పద్ధతి. దీనికి కావలసిన సరంజామా తక్కువ. అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు, అర అడుగు లోతు ఉన్న నున్నని ప్లాస్టిక్ తొట్లు మూడు. నున్నని గోడను ఈ పురుగు ఎక్కలేదు. పెంకుపురుగు కూడా ఎక్కలేదు, ఎగరడమూ బహు అరుదు. గరుకు కొయ్యపెట్టె, అట్టపెట్టె పనికిరావు. పైన గాలి ఆడేలా దోమతెర గుడ్డ కట్టాలి. బిగుతు మూత పెట్టారంటే లోపల చెమ్మ పట్టి పాడవుతుంది.

తొట్టిలో రెండు అంగుళాల ఎత్తు గోధుమ తవుడు, మనం పశువులకు వేసే బూసా, పోయాలి. అదే దానికి పరుపు, అదే తిండి. బూసా తెచ్చేటప్పుడు ఒక జాగ్రత్త. గోదాముల్లో ధాన్యానికి పురుగు పట్టకుండా మందు బిళ్ళలు పెడతారు. అలాంటి మందు సోకిన తవుడు వేస్తే మీ పురుగులూ చస్తాయి. పిండిమర దగ్గర అప్పుడే ఆడిన తవుడు మేలు. తెచ్చిన తవుడును పలుచగా పరిచి రెండు రోజులు గట్టి ఎండలో పెట్టండి, లేదా ఫ్రిజ్ పైఅరలో గడ్డకట్టే చోట రెండు మూడు రోజులు ఉంచండి. అందులో ముందే ఉన్న నల్లులు, చిన్న పురుగులు నశిస్తాయి.

నీళ్ళు గిన్నెలో పెట్టకూడదు. తడి తగిలితే తవుడు బూజు పడుతుంది. కేరట్ ముక్క, బంగాళాదుంప ముక్క, కోసుగడ్డ తొడిమ, ఏదో ఒకటి తవుడు పైన పెడితే ఆ తేమే వాటికి దాహం తీరుస్తుంది. మరుసటి రోజు మిగిలిన ముక్క తీసివేయాలి.

మొదలుపెట్టడానికి రెండు మూడు వందల పురుగులు చాలు. వాటిలో కొన్ని ప్యూపాలు కాగానే ఏరి రెండో తొట్టిలో వేయాలి. ఎందుకంటే ప్యూపా కదలలేదు, నడుము మాత్రం కొద్దిగా ఆడిస్తుంది. ఆకలిగా, దాహంగా ఉన్న పురుగులు దాన్ని కొరుకుతాయి. పట్టుపురుగు తన చుట్టూ గూడు కట్టుకుని లోపల భద్రంగా నిద్రపోతుంది, దీనికి ఆ భాగ్యం లేదు. ప్యూపాల నుంచి వచ్చిన పెంకుపురుగులను మూడో తొట్టిలో వేయాలి. అవి అక్కడ తవుడులో గుడ్లు పెడతాయి. గుడ్లు జిగురుగా ఉండి తవుడు అంటుకుని ఉంటాయి, కనబడవు. పెద్దవి తమ గుడ్లనే తినేస్తాయి. కాబట్టి రెండు వారాలకొకసారి పెంకుపురుగులను ఏరి కొత్త తవుడు పోసిన తొట్టిలోకి మార్చాలి. పాత తొట్టిని కదపకుండా పక్కన పెట్టి, తేదీ రాసిన చీటీ అంటించాలి. నెల తిరిగేసరికి అందులో తవుడు తనంతట తానే కదులుతున్నట్లు ఉంటుంది. అప్పుడు పుట్టాయని లెక్క.

తొట్టి అడుగున సన్నని ఇసుక వంటి పొడి చేరుతుంది. అది పురుగుల పెంట. నెలకొకసారి సన్నజల్లెడతో జల్లించి తీసివేయాలి. ఆ పొడి కరివేపాకు మొక్కకు, గులాబీ మొక్కకు మంచి ఎరువు. గుడ్లు, పసిపురుగులు ఉన్న తొట్టిని మాత్రం జల్లించకూడదు, అవీ పొడితో పాటే పోతాయి.

చెప్పినంత తేలికగా మాకు మొదటిసారి జరగలేదు. జరిగిన పొరపాట్లు చెబితే మీకు ఉపయోగం.

మొదటి పొరపాటు నాది. వానాకాలంలో దోసకాయ ముక్కలు ఎక్కువ వేసి రెండు రోజులు చూడలేదు. తవుడు ముద్దకట్టింది. మూడో రోజు తొట్టి అంచుల వెంట బూడిద రంగు దుమ్ము పట్టినట్లు కనిపించింది. దగ్గరగా చూస్తే ఆ దుమ్ము కదులుతోంది. అవి తవుడు నల్లులు. చెమ్మ ఎక్కువైతే లక్షల్లో పుడతాయి. పురుగులను ఆరోగ్యంగా బతకనీయవు. పెద్ద పురుగులను చేత్తో ఏరి, పొడి తవుడులో వేసి, పాతదంతా ఉడుకునీళ్ళు పోసి పారబోశాను. సగానికి సగం పోయాయి.

రెండో పొరపాటు మా అత్తగారిది. అలవాటు ప్రకారం రాగుల కుండలో వేసినట్లు గుప్పెడు ఎండు వేపాకు తెచ్చి తొట్టిలో వేశారు, పురుగు పట్టకుండా ఉంటుందని! వేశాక తనే నోటి మీద చెయ్యి పెట్టుకున్నారు. వెంటనే ఏరేశాం.

మూడోది ఎండది. పెరటి ఇంటికి రేకుల కప్పు. ఈ పురుగులకు 25 నుంచి 28 డిగ్రీల వేడి హాయి. 35 దాటితే నలిగిపోతాయి. ఏప్రిల్ చివర్లో రేకుల కింద వేడి అంతకు మించింది. పైగా ఒక్క తొట్టిలో గుంపుగా ఉంటే వాటి ఒంటి వేడి వాటికే ఎక్కువవుతుంది. ఒక మధ్యాహ్నం బడి నుంచి వచ్చేసరికి ఒక తొట్టి మొత్తం నల్లబడి వాసన వస్తోంది. నేను ఇక మానేద్దామనుకున్నాను.

మా అత్తగారు ఏమీ అనలేదు. మరునాడు పాత గోనెసంచులు తీసి కిటికీలకు కట్టించి, వాటి మీద మూడు పూటలా నీళ్ళు చల్లారు. కప్పు మీద కొబ్బరి మట్టలు పరిపించారు. తొట్లను నేల మీదికి దించి, పురుగులను పలుచగా నాలుగు చోట్ల పంచారు. పాత స్టాండు కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టి చీమల దారి మూశారు. పట్టుపురుగుల ఇంట్లో ఎండాకాలం పంటకు ఆవిడ ఏమేం చేసేవారో అవన్నీ చేశారు. గోనె తడి వల్ల గదిలో చల్లదనం వచ్చింది. తవుడు మాత్రం తడవనివ్వలేదు. ఇంకో కట్టడి కూడా పెట్టారు. ఆ ఇంట్లో అగరువత్తి, కర్పూరం, దోమల చుట్ట, బొద్దింకల మందు ఏవీ వెలిగించకూడదు, చల్లకూడదు. తల నూనె రాసుకున్న చేతులతో ముట్టుకోకూడదు. మిగిలిన పురుగులు బతికాయి. మే నెల గడిచాక ఆ కొద్దిపాటి వాటితోనే మళ్ళీ తొట్లు నిండాయి.

ఎదిగిన పురుగులను నిలవ ఉంచుకునే ఉపాయం కూడా ఉంది. ఫ్రిజ్‌లో కింది అరలో, 8, 10 డిగ్రీల చలిలో, తవుడు వేసిన డబ్బాలో ఉంచితే ఎదుగుదల ఆగి నిద్రలో ఉన్నట్లు పడి ఉంటాయి. వారానికొకసారి బయట పెట్టి, ఒక పూటంతా కేరట్ తిననిచ్చి, మళ్ళీ లోపల పెట్టాలి. మరీ చల్లని చోట పెడితే చస్తాయి. ఇంతకన్న పెద్దదైన సూపర్‌వార్మ్ అనే ఇంకో జాతిని అంగళ్ళలో అమ్ముతారు. దాన్ని ఫ్రిజ్‌లో పెట్టకూడదు, చస్తుంది.

ఇప్పుడు మేపే సంగతి. పచ్చి పిండిపురుగుల్లో నూటికి సుమారు 62 పాళ్ళు నీరు, 18, 19 పాళ్ళు మాంసకృత్తులు, 13 పాళ్ళు కొవ్వు. బలమైన తిండే. కానీ ఒక పెద్ద లోటుంది. భాస్వరం బాగా ఉండి, సున్నపు సత్తువ, అంటే కాల్షియం, చాలా తక్కువగా ఉంటుంది. భాస్వరంలో పదో వంతు కూడా ఉండదు. ఇదే మేతగా రోజూ పెడితే పిట్టల ఎముకలు మెత్తబడతాయి, కోడిగుడ్డు పెంకు పలుచనవుతుంది. కాబట్టి మేపడానికి ఒకటి రెండు రోజుల ముందు కావలసినన్ని పురుగులను వేరు చేసి, కాల్షియం పొడి కలిపిన తవుడు, ఆకుకూర పెట్టండి. వాటి కడుపు నిండితే అది మీ జీవం కడుపులోకి చేరుతుంది. కోళ్ళకయితే గుడ్డుపెంకులు ఉడికించి, ఎండబెట్టి, నలిపి వేరే గిన్నెలో పెట్టినా సరిపోతుంది.

ఇది చిరుతిండి మాత్రమే, భోజనం కాదు. మా ఆస్కార్ చేపకు రోజూ పెట్టేది అంగడి గుళికల మేతే. వారానికి రెండుసార్లు నాలుగైదు పురుగులు, అంతే. కొవ్వు ఎక్కువైతే చేపకూ చేటే. నాటుకోళ్ళకు ఈకలు రాల్చే కాలంలో, గుడ్లు తగ్గినప్పుడు కోడికి పది పదిహేను చాలు. జీబ్రా ఫించ్ వంటి పెంపుడు పిట్టలకు పిల్లలున్నప్పుడు, చర్మం విడిచి అప్పుడే తెల్లగా మెత్తగా ఉన్న చిన్న పురుగులు పెట్టండి. ఈ పురుగు జంతువు కడుపును లోపలి నుంచి కొరికి బయటికి వస్తుందని చాలామంది చెబుతారు. అది ఉత్త మాట. కడుపులోని ఆమ్లానికి, గాలి లేమికి అది నిలవదు. చిన్న పిల్లలకు గొంతు అడ్డు పడకుండా తల నలిపి పెట్టడం మాత్రం మంచిదే.

ఇక్కడ మా బడి సంగతి ఒకటి. ఈ పురుగుల విషయం తెలిసి ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చి, "మిస్, మా ఇంట్లో రామచిలుక ఉంది, దానికీ పెట్టవచ్చా?" అని అడిగింది. రామచిలుకకు పండు, గింజ ముఖ్యం, పురుగు అవసరం లేదు. అంతకన్న ముఖ్యం, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశపు రామచిలుకను, కొండ గోరింకను, నక్షత్ర తాబేలును పట్టడం, కొనడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం. నక్షత్ర తాబేళ్ళు మన సరిహద్దు గుట్టల్లోనే తిరుగుతాయి, పిల్లలు ఎత్తుకొస్తారు. దయచేసి తెచ్చిన చోటనే వదిలేయమనండి. పంజరంలో చాలాకాలం ఉన్న చిలుకను మాత్రం ఊరికే ఎగరేయకుండా అటవీశాఖ వారికి అప్పగించాలి. ఆ అమ్మాయి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు వాళ్ళ నాన్నతో వచ్చి అటవీశాఖ ఆఫీసు ఎక్కడని అడిగింది.

అన్నిటికన్న ముఖ్యమైన మాట ఇప్పుడు చెబుతాను. ఈ ప్రసంగం చేయడానికి ఒప్పుకోవడానికి కారణం కూడా ఇదే.

పోయిన సంవత్సరం నా పాత విద్యార్థి ఒకతను ఇంటికి వచ్చాడు. ఎవరో ఊళ్ళోకి వచ్చి పిండిపురుగుల పెంపకం కొత్త కుటీర పరిశ్రమ అని చెప్పారట. విత్తన పురుగులు, తొట్లు వాళ్ళే ఇస్తారు. లక్షన్నర కట్టాలి. పెరిగిన పురుగులను కిలో లెక్కన వాళ్ళే తిరిగి కొంటారు. చేతిలో ఒక కాగితం. అందులో లెక్క. 100 పెంకుపురుగుల నుంచి 10,000 పురుగులు, వాటి నుంచి మరో తరానికి 10 లక్షలు. అయిదు వేలు అడ్వాన్సు ఇచ్చేశాడు. మిగిలిన దానికి భార్య గొలుసు తాకట్టు పెట్టబోతూ, "మిస్, మీరు పెంచుతున్నారు కదా, ఒక్కసారి లెక్క చూడండి" అని వచ్చాడు.

గుణకారం తప్పులేదు. 50 ఆడపురుగులు, ఒక్కొక్కటి 200 గుడ్లు, 10,000. అయితే నల్లులు, ఎండ, ఒకదాన్నొకటి తినడం ఏవీ ఆ కాగితంలో లేవు. సరే, అన్నీ బతికాయనే అనుకుందాం. ఎదిగిన పురుగులు కిలోకు సుమారు 8,000 తూగుతాయి. 10 లక్షలంటే 125 కిలోలు. కిలో పురుగు పెరగడానికి రెండు కిలోలకు పైగా తవుడు కావాలి. అంటే 250 కిలోల పైమాటే. అంతా తెచ్చి, మేపి, జల్లించి, 125 కిలోల పురుగులు సిద్ధం చేశాక, ఆ కంపెనీ ఫోను ఎత్తకపోతే ఎవరు కొంటారు? మన తాలూకా మొత్తంలో చేపల అంగళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అవి నెలకు కొనేది కిలోకు కూడా రాదు.

అతను, "కాగితం రాసి ఇస్తారు మిస్" అన్నాడు. అప్పుడు మా అత్తగారు లోపలి నుంచి వచ్చి కూర్చున్నారు.

"నాయనా, నేను నలభై ఏండ్లు పురుగు మేపితిని. ఒక్కొక్క పంట పోయింది. ఊజీ ఈగ తిన్నది, సున్నం కట్టి చచ్చినవి. అయినా మళ్ళీ ఎందుకు మేపితిమి? గూళ్ళు బుట్టలో పోసుకుని పొద్దున్నే శిడ్లఘట్టకు పోతే, పదిమంది రీలర్లు చుట్టూ చేరి పాట పాడేవాళ్ళు. ధర తక్కువో ఎక్కువో, సాయంత్రానికి దుడ్డు చేతికి వచ్చేది. అమ్మినవాడే కొంటానంటే అది సంత కాదప్పా. కొనేవాళ్ళు పదిమంది ఉన్నారా అని మొదట చూడు. పురుగు ఎట్లయినా పెరుగుతుంది."

శ్రోతలారా, ఇంతకన్న బాగా నేను చెప్పలేను. ఈము పక్షుల సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. పిల్లల్ని మేమే ఇస్తాం, పెద్దవాటిని మేమే కొంటాం అన్నారు. 2012లో తమిళనాడులో ఆ కంపెనీలు కూలిపోయి, వేలమంది సొమ్ము పోగొట్టుకున్నారు. మన తెలుగు జిల్లాల్లోనూ ఆ పక్షులకు మేత పెట్టలేక, అమ్ముకోలేక ఎందరో దెబ్బతిన్నారు. మా చిన్నాన్న వారిలో ఒకరు. ఆయన చాలాకాలం ఆ మాట ఇంట్లో ఎత్తనివ్వలేదు. ఈము చెడ్డ పక్షి అని కాదు, పిండిపురుగు చెడ్డ పురుగు అని కాదు. కొనేవారి సంఖ్య చూడకుండా అప్పు చేయడమే చెడ్డది.

నా విద్యార్థికి ఆ అయిదు వేలు తిరిగి రాలేదు. అడగడానికి వెళితే ఆ గదికి తాళం. కానీ గొలుసు ఇంట్లోనే ఉంది. మేమిచ్చిన మూడు వందల పురుగులతో అతను ఒక్క తొట్టి మొదలుపెట్టాడు. వాళ్ళ ఇంట్లో పన్నెండు నాటుకోళ్ళు. మేత ఖర్చు కాస్త తగ్గిందని చెప్పాడు. అంతకు మించి లాభం నేను చెప్పను, అతనూ చెప్పలేదు.

ప్రపంచంలో ఈ పురుగుకు పేరు వస్తున్న మాట నిజమే. 2015లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం, చైనా శాస్త్రవేత్తలు కలిసి పరిశోధించి, ఇది థర్మోకోల్‌ను కూడా తిని జీర్ణించుకోగలదని ప్రకటించారు. 2021లో ఐరోపా సమాఖ్య ఎండబెట్టిన పిండిపురుగును మనుషుల ఆహారంగా అమ్మడానికి అనుమతించింది. ఇవి విని మా తరగతి పిల్లలు థర్మోకోల్ ముక్క వేసి చూశారు. నెలలో చిన్న చిన్న గుంటలు పడ్డాయి. ప్రయోగంగా బాగుంది. కానీ అలా మేపిన పురుగులను చేపలకు, కోళ్ళకు పెట్టవద్దు. పిల్లలకు అదే చెప్పి ఆ డబ్బా వేరుగా ఉంచాం.

చివరగా మూడు హెచ్చరికలు. ఒకటి, రొయ్యలు తింటే ఒళ్ళు దద్దుర్లు లేచేవారికి, దుమ్ముకు ఆయాసం వచ్చేవారికి ఈ పురుగుల పొడి కూడా పడకపోవచ్చు. జల్లించేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి, ఆరుబయట జల్లించండి. పని అయ్యాక చేతులు సబ్బుతో కడగండి. రెండు, తొట్లను బియ్యం, రాగులు, పిండి ఉన్న గదిలో పెట్టకండి. తప్పించుకున్న పురుగు ధాన్యానికి శత్రువే. మూడు, పెంచడం వద్దనుకుంటే పెరట్లో పారబోయవద్దు. కోళ్ళకు వేయండి, లేదా ఉడుకునీళ్ళు పోసి ఎరువుగుంటలో పూడ్చండి.

మా పెరటి ఇంట్లో ఇప్పుడు అయిదు తొట్లున్నాయి. పొద్దున కాఫీ తాగగానే మా అత్తగారు కర్ర పట్టుకుని అక్కడికి వెళతారు. తవుడులో వేలు పెట్టి తడి చూస్తారు. చీటీల మీద తేదీలు మా అబ్బాయి చదివి వినిపిస్తాడు. ఏ తొట్టి ఎన్నో వారమో ఆవిడకు చీటీ లేకుండానే తెలుసు, అయినా చదివించుకుంటారు. మొన్న చంద్రికల దుమ్ము కూడా దులిపించారు. వాటితో ఈ పురుగులకు పని లేదు కదా అత్తమ్మా అంటే, "ఉండనీలేమ్మా, దుమ్ము పట్టి ఉంటే చూడలేకున్నాను" అన్నారు.

మీ ఇంట్లోనూ చేపో, కోడో, పిట్టో ఉండి, పెద్దవాళ్ళకు ఓపిక ఉంటే ఒక్క తొట్టితో మొదలుపెట్టి చూడండి. ఒక్కటే తొట్టి. అప్పు లేకుండా.